పెరిగిన అద్దె ఎవరి ఖాతాలోకి?

మన దగ్గర గవర్నమెంటు ఇల్లు అంటే తాళం చెవి, పట్టా కాగితం. ఇందిరమ్మ ఇల్లయినా, డబుల్ బెడ్‌రూమ్ అయినా, టిడ్కో ఫ్లాటయినా ఒకసారి చేతికొచ్చాక "నెలకెంత సంపాదిస్తున్నావమ్మా?" అని ఏటా వచ్చి అడిగేవాళ్లుండరు. అమెరికాలో పేద కుటుంబాలకిచ్చే సాయం అలాంటిది కాదు. అక్కడ ప్రభుత్వం ఇచ్చేది ఎక్కువగా ఇల్లు కాదు, ఇంటద్దెలో వాటా. జీతం పెరిగితే ఆ వాటా తగ్గుతుంది. సబబే కదా అనిపిస్తుంది. "వీళ్లు ఎన్నాళ్లని సాయం మీద బతుకుతారు?" అని అడిగేవాళ్లు ఈ సబబు వెనక లెక్కను ఒక్కసారైనా కాగితం మీద వేసి చూశారా అన్నదే నా అనుమానం.

1974లో మొదలైన సెక్షన్ 8 పథకం ఇప్పటి రూపం వోచరు. వోచరున్న కుటుంబం కోతలు పోను మిగిలిన ఆదాయంలో సుమారు 30 శాతం అద్దెకూ కరెంటు, గ్యాసు బిల్లులకూ కలిపి పెట్టుకోవాలి. మిగతా అద్దెను స్థానిక హౌసింగ్ అథారిటీ ఇంటి యజమానికి నేరుగా పంపుతుంది. ఈ శాతం సంగతి పాతదే. మసాచుసెట్స్ సెనేటర్ ఎడ్వర్డ్ బ్రూక్ 1969లో తెచ్చిన సవరణ ప్రభుత్వ గృహాల్లో అద్దెను ఆదాయంలో 25 శాతానికి కట్టడి చేసింది. 1981లో అది 30 అయింది. అర్హత ఉన్న ప్రతి నాలుగు కుటుంబాల్లో దాదాపు ఒక్కదానికే ఏదో ఒక ఫెడరల్ అద్దె సాయం దొరుకుతుంది. మిగతావాళ్లు ఏళ్ల తరబడి వెయిటింగ్ లిస్టులో ఉంటారు. (హెచ్-1బి మీద వెళ్లినవాళ్లకు ఇది వర్తించదు. గ్రీన్ కార్డున్నవాళ్లకు అర్హత ఉంది.) అంత కష్టపడి దొరికిన వోచరు గనక, సంపాదన పెరిగితే పోతుందేమోనన్న భయం ఊరికే రాలేదు.

ఇద్దరు పిల్లలతో ఒంటరిగా ఇల్లు నడిపే తల్లిని తీసుకోండి. నెలకు 2,000 డాలర్ల జీతం 2,500 అయింది. పెరిగిన 500లో అద్దెకు 150 పోతుంది. తిండి సరుకులకు ప్రభుత్వమిచ్చే ఫుడ్ స్టాంపుల లెక్కలో జీతంలో 20 శాతం వదిలేసి మిగతాదానిలో 30 శాతం చొప్పున సాయం తగ్గిస్తారు, అంటే 120కి తగ్గకుండా అక్కడ పోతుంది. పెన్షన్‌కూ వృద్ధుల వైద్యానికీ జీతంలోంచి పోయే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోత 7.65 శాతం, అంటే 38. తక్కువ జీతగాళ్లకు టాక్సు రిఫండుగా వచ్చే ఎర్న్‌డ్ ఇన్‌కమ్ క్రెడిట్ ఈ ఆదాయం దగ్గర తగ్గడం మొదలవుతుంది. ఇద్దరు పిల్లలుంటే డాలరుకు 21 సెంట్లకు కాస్త ఎక్కువ, అంటే ఇంకో 105. చివరికి మిగిలేది 87 డాలర్లు. రాష్ట్రం టాక్సు, పిల్లల డేకేర్‌లో పెరిగే వాటా ఇంకా కలపలేదు. అన్ని కోతలూ అందరికీ ఒకే నెలలో తగలవు నిజమే, టాక్సు క్రెడిట్ దెబ్బ ఏడాది చివరగ్గానీ తెలియదు. కానీ ఓవర్‌టైమ్ వద్దన్న మనిషిని సోమరి అనే ముందు ఈ 87ను గుర్తు పెట్టుకోవాలి.

ఈ ముడిని విప్పడానికి 1990లో ఒక ఉపాయం వచ్చింది. అప్పటి హౌసింగ్ మంత్రి జాక్ కెంప్. ఆ ఏటి గృహనిర్మాణ చట్టంలో ఫ్యామిలీ సెల్ఫ్ సఫిషియెన్సీ అనే కార్యక్రమాన్ని పెట్టారు, వాడుకలో ఎఫ్‌ఎస్‌ఎస్. దాని కిటుకు ఒక్క వాక్యంలో చెప్పొచ్చు: జీతం పెరిగితే అద్దె మామూలుగానే పెరుగుతుంది, కానీ పెరిగినంత సొమ్మును హౌసింగ్ అథారిటీ ఆ కుటుంబం పేరున వడ్డీ వచ్చే ఎస్క్రో ఖాతాలో, అంటే షరతు తీరేదాకా పక్కన ఉంచే ఖాతాలో వేస్తుంది. ఐదేళ్ల ఒప్పందం పూర్తి చేస్తే ఆ డబ్బు వాళ్లది. కుటుంబం తన జేబులోంచి విడిగా పొదుపు చేసేదేమీ లేదు. అద్దె పెరగడం వల్ల మిగిలిన సబ్సిడీని ప్రభుత్వమే పక్కన పెడుతుంది.

ఇందాకటి తల్లినే ఐదేళ్లు వెనక్కి తీసుకెళ్లి లెక్క వేద్దాం. కోతల గొడవ వదిలేసి గుండ్రటి అంకెలే వాడుతున్నాను. ఒప్పందం నాటికి కిరాణా దుకాణంలో పార్ట్‌టైమ్, నెలకు 1,000 డాలర్లు. ఆమె వాటా అద్దె 300. ఇదే బేస్‌లైన్. మొదటి ఏడాది నర్సింగ్ అసిస్టెంటు కోర్సు చేస్తూ ఉంది, జీతం మారలేదు, ఖాతాలో సున్నా. రెండో ఏడాది 1,600 అయింది, అద్దె 480. తేడా 180 చొప్పున ఏడాదికి 2,160. మూడో ఏడాది 2,000, అద్దె 600, తేడా 300, ఏడాదికి 3,600. నాలుగు, ఐదు ఏళ్లలో 2,400, అద్దె 720, తేడా 420, ఏడాదికి 5,040. మొత్తం వడ్డీ కాకుండా 15,840 డాలర్లు. బేస్‌లైన్ ఆ ఐదేళ్లూ కదలదు. మొదటి ఏడాది కదిలిన ప్రతి డాలరూ తర్వాతి అన్ని ఏళ్లలోనూ పనిచేస్తుంది. అందుకే జీతం ముందే పెరిగినవాళ్ల ఖాతా లావెక్కుతుంది, చివరి ఏడాదిలో మంచి ఉద్యోగం దొరికినవాళ్లకు పెద్దగా ఏమీ మిగలదు.

ఎస్క్రోలో పడేది కష్టపడి సంపాదించిన జీతం వల్ల పెరిగిన అద్దెకే. పిల్లల తండ్రి పంపే చైల్డ్ సపోర్టు పెరిగినా, ఇంట్లో ఒకరికి డిజెబిలిటీ సొమ్ము మొదలైనా అద్దె పెరుగుతుంది, ఎస్క్రో పెరగదు. దానికి పైకప్పు కూడా ఉంది. కుటుంబం ఇంటద్దె మొత్తాన్నీ తానే కట్టే స్థాయికి వస్తే అక్కడితో నెలవారీ జమ పెరగడం ఆగిపోతుంది. ఆదాయం ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో 80 శాతం దాటితే జమే ఉండదు.

ఇక్కడి నుంచి సంతకం సంగతి. అసలు డబ్బు పోయేది ఇక్కడే, ఎవరూ గమనించరు. బేస్‌లైన్ అంటే ఒప్పందం అమల్లోకి వచ్చేనాటికి హౌసింగ్ అథారిటీ ఫైల్లో ఉన్న ఆదాయం, మీ చేతికి నిజంగా వస్తున్నది కాదు. రెండు నెలల కింద ఉద్యోగం పోయింది, ఫైల్లో ఇంకా పాత 1,800 డాలర్ల జీతమే ఉంది అనుకోండి. ఆ రోజు సంతకం చేస్తే బేస్‌లైన్ అద్దె 540 దగ్గర బిగుసుకుంటుంది. మళ్లీ 1,800 సంపాదించేదాకా ఖాతాలో పైసా పడదు. ముందు ఆదాయం తగ్గిందని మధ్యంతర రీసర్టిఫికేషన్ (ఆదాయాన్ని మళ్లీ లెక్కకట్టడం) అడిగి, కొత్త అంకె ఫైల్లోకి ఎక్కాక సంతకం చేయాలి. తిరగేసి చూస్తే, వచ్చే నెల కొత్త ఉద్యోగంలో చేరబోతున్న మనిషి చేరకముందే సంతకం చేయడం లాభం. ఇందులో మోసమేమీ లేదు. ఆదాయం మారినప్పుడు అథారిటీ నిబంధన ప్రకారం చెప్పాల్సిందే, చెప్పాలి కూడా. ఇంటి పనో, నెయిల్ సెలూన్‌లో నగదు పనో చేస్తూ ఫైల్లో చూపించకపోతే రెండు రకాల నష్టం: ఎస్క్రో పడదు, బయటపడితే బకాయి కట్టాలి, చివరి చెక్కులోంచి ఆ బకాయి కోసేస్తారు.

ఒప్పందంతో పాటు శిక్షణ, సేవల ప్రణాళిక అనే కాగితం ఉంటుంది. చట్టం తప్పనిసరి చేసింది రెండే. ఒకటి, ఎఫ్‌ఎస్‌ఎస్ కుటుంబపెద్దగా సంతకం చేసిన వ్యక్తి తగిన ఉద్యోగం వెతికి నిలబెట్టుకోవాలి. రెండు, ఒప్పందం ముగిసేనాటికి ఇంట్లో ఎవరూ నగదు వెల్ఫేర్ తీసుకుంటూ ఉండకూడదు. ఈ రెండోదాన్ని చాలామంది తప్పుగా అర్థం చేసుకుని భయపడతారు. ఫుడ్ స్టాంపులు, మెడికెయిడ్ (పేదల ఆరోగ్యబీమా), ఎస్‌ఎస్‌ఐ (పేద వృద్ధులకు, వికలాంగులకు నెలనెలా ఇచ్చే సాయం), టాక్సు క్రెడిట్ నగదు వెల్ఫేర్ కిందికి రావు. వోచరు వదులుకోవాలన్న షరతు కూడా లేదు. ఎఫ్‌ఎస్‌ఎస్ పూర్తి చేసి, చెక్కు తీసుకుని, అర్హత ఉన్నంతకాలం అదే వోచరు మీద అదే ఇంట్లో ఉండొచ్చు.

ఆ రెండింటి తర్వాత రాసుకునే ప్రతి లక్ష్యమూ సొంతంగా తెచ్చుకున్న షరతే. మొదటి సమావేశంలో ఉత్సాహం ఎక్కువ ఉంటుంది. "ఐదేళ్లలో ఇల్లు కొంటాను", "డిగ్రీ పూర్తి చేస్తాను", "క్రెడిట్ స్కోరు 720 చేస్తాను" అని రాయిస్తారు. ఐదో ఏడు చివర మూడూ పూర్తయితేనే చెక్కు. వడ్డీ రేట్లు పెరిగి ఆ ఊళ్లో ఇల్లు కొనలేకపోతే, మిగతావన్నీ చేసినా ఒప్పందం అసంపూర్తి. కాబట్టి రాయాల్సింది తన చేతిలో ఉన్న పని: "ఇల్లు కొనేవారి కోర్సు పూర్తి చేయడం", "అప్పుల చరిత్ర రాసుకునే మూడు క్రెడిట్ బ్యూరోల రిపోర్టులు తెప్పించి తప్పులకు అభ్యంతరం పెట్టడం", "ఫలానా సర్టిఫికెట్ పరీక్ష రాయడం". పరిస్థితి మారితే లక్ష్యాన్ని మార్చుకోవచ్చు, ఇద్దరూ ఒప్పుకుని కాగితం మీద రాసుకోవాలి. మాటల్లో "పర్లేదులెండి" అన్న కోఆర్డినేటర్ రెండేళ్ల తర్వాత ఆ కుర్చీలో ఉంటారన్న నమ్మకం లేదు. ఆ పోస్టులు ఏటేటా వచ్చే గ్రాంటు మీద నడుస్తాయి. 25 కుటుంబాలకు ఒక కోఆర్డినేటర్ జీతం ఇస్తారు. రెండో మనిషి కావాలంటే 75 కుటుంబాలుండాలి, పనితీరూ బాగుండాలి. అంటే 74 కుటుంబాలను ఒక్కరే చూసుకునే ఆఫీసులు నిబంధనల ప్రకారమే ఉంటాయి.

గడువు ఐదేళ్లంటారు గానీ, 2022లో వచ్చిన కొత్త నిబంధనల తర్వాత దాన్ని ఒప్పందం తర్వాత జరిగే మొదటి రీసర్టిఫికేషన్ నుంచి లెక్కపెడతారు. చేతికి దాదాపు ఆరేళ్ల దాకా రావొచ్చు. సరైన కారణం ఉంటే ఇంకో రెండేళ్లు పొడిగించుకోవచ్చు, గడువు దాటకముందే రాతపూర్వకంగా అడగాలి. ఆ 2022 మార్పుల్లో ఇంకో మంచి పని జరిగింది. ఇంతకుముందు ఒప్పందం ముగిసేముందు 12 నెలలు వరసగా నగదు వెల్ఫేర్‌కు దూరంగా ఉండాలనేవారు. ఇప్పుడు ముగిసే రోజున లేకపోతే చాలు.

ఇక ఈ పథకం గురించి నా అసలు ఫిర్యాదు. దాని గణితం సరైనదే, గడియారమే తప్పు. జీతం ఈ నెల పెరుగుతుంది, అద్దె వచ్చే నెల పెరుగుతుంది, దాని ప్రతిఫలం నాలుగేళ్ల తర్వాత వస్తుంది, అదీ పూర్తి చేస్తేనే. మధ్యలో కారు ట్రాన్స్‌మిషన్ పోతుంది. బస్సు సరిగా లేని ఊళ్లో కారు పోతే ఉద్యోగం పోతుంది, ఉద్యోగం పోతే ఎస్క్రో ఆగుతుంది, ఒక్కోసారి ఒప్పందమే ఆగుతుంది. ఖాతాలో 4,000 డాలర్లు ఉండగా 1,500 రిపేరుకు అధిక వడ్డీకి పేడే లోను తీసుకున్న మనిషిని ఆర్థికంగా నిలబెట్టామని ఎలా అంటాం? మన డ్వాక్రా సంఘాల్లో ఆడవాళ్లకు ఈ సంగతి ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. పొదుపు డబ్బులోంచే అవసరమైన సభ్యురాలికి అంతర్గత అప్పు ఇస్తారు. పిల్లకు జ్వరమొస్తే అక్కరకు రాని డబ్బును పొదుపని ఎవరూ అనరు అక్కడ.

నిజానికి నిబంధనల్లో ఆ తలుపు ఉంది. కుటుంబం కొన్ని మధ్యంతర లక్ష్యాలు పూర్తి చేసి, ఒప్పందంలోని ఉద్దేశానికి పనికొచ్చే ఖర్చు అడిగితే హౌసింగ్ అథారిటీ ఎస్క్రోలోంచి ముందే ఇవ్వొచ్చు. కారు రిపేరు, కాలేజీ ఫీజు, పనికి కావాల్సిన యూనిఫాం, పనిముట్లు ఇలాంటివి. తర్వాత ఒప్పందం పూర్తి కాకపోయినా, మోసం లేకుంటే, అప్పటికే తీసుకున్నది తిరిగి కట్టక్కర్లేదు. కానీ "ఇవ్వొచ్చు" అన్న చోట "ఇవ్వాలి" లేదు. ఎంత ఇస్తారు, ఎన్నిసార్లు, ఏ కాగితాలు అడుగుతారు అన్నది ప్రతి అథారిటీ తన యాక్షన్ ప్లాన్‌లో రాసుకుంటుంది. చేరేముందు అడగాల్సిన మొదటి కాగితం అదే. ఒప్పందం మధ్యలో తెగిపోతే ఖాతా డబ్బు కుటుంబానికి రాదు. ఇప్పటి నిబంధన ప్రకారం ఆ సొమ్మును మిగతా ఎఫ్‌ఎస్‌ఎస్ కుటుంబాల కోసం ఖర్చు పెట్టాలి, అంతవరకు నయమే. ప్రణాళికలో రాసిన సేవలు దొరక్కపోయినా, కుటుంబపెద్ద శాశ్వతంగా పనిచేయలేని స్థితికి వచ్చినా డబ్బిచ్చి ముగించే వెసులుబాటు ఉంది. ఈ క్లాజు గురించి చాలామంది అడగరు.

ఈ పథకం పనిచేస్తుందా అని అమెరికా కేంద్ర గృహనిర్మాణ శాఖ (హడ్) ఖర్చుపెట్టి మరీ చూసింది. ఎండీఆర్‌సీ అనే పరిశోధన సంస్థ ఏడు రాష్ట్రాల్లో 18 హౌసింగ్ అథారిటీల కుటుంబాలను లాటరీ వేసి రెండు గుంపులు చేసి ఏళ్లపాటు గమనించింది. ఎఫ్‌ఎస్‌ఎస్‌లో చేరినవాళ్ల ఉద్యోగాలు, జీతాలు చేరనివాళ్లకన్నా చెప్పుకోదగ్గంత పెరగలేదు. ఒప్పందం పూర్తి చేసి డబ్బు తీసుకున్నవాళ్లు సుమారు ఐదోవంతు. ఈ ఫలితాన్ని చూపించి పథకం దండగ అనేవాళ్లున్నారు. నాకు మరోలా కనిపిస్తుంది. న్యూయార్క్‌లో ఎఫ్‌ఎస్‌ఎస్‌కు తోడుగా పనిచేస్తే అప్పటికప్పుడు నగదు ప్రోత్సాహకం ఇచ్చి చూసినప్పుడు, చేరేనాటికి పని లేనివాళ్లలో ఉద్యోగాలు పెరిగాయి. అంతకుముందు జాబ్స్-ప్లస్ అనే ప్రయోగంలో డేటన్, లాస్ ఏంజెలెస్, సెయింట్ పాల్‌లోని కొన్ని ప్రభుత్వ కాలనీల్లో జీతం పెరిగినా అద్దె పెరగకుండా చూశారు, ఉద్యోగ సహాయ కేంద్రాన్ని కాలనీలోనే పెట్టారు. సరిగ్గా అమలైన ఆ చోట్ల సంపాదన పెరిగింది, ప్రయోగం అయిపోయాక కూడా ఆ తేడా నిలిచింది. బోస్టన్‌లోని కంపాస్ వర్కింగ్ క్యాపిటల్ అనే స్వచ్ఛంద సంస్థ నడిపే ఎఫ్‌ఎస్‌ఎస్‌లో, ఎస్క్రోనే ముందుపెట్టి ఒక్కో కుటుంబంతో అప్పు, క్రెడిట్ లెక్కలు కూర్చుని చూసే పద్ధతిలో, పోల్చిన కుటుంబాలకన్నా ఆదాయం పెరిగినట్టు ఒక అధ్యయనం చెప్పింది. అది లాటరీ పద్ధతి కాదు గనక అంతవరకే నమ్మాలి. మొత్తం మీద డబ్బు దగ్గరగా, కళ్లకు కనబడేలా ఉన్న చోట మనుషులు కదిలారు. దూరంగా ఉన్న చోట పెద్దగా కదల్లేదు.

కాబట్టి నేనడిగేది: ఏటా ఎస్క్రోలో మూడోవంతైనా కారణం అడగకుండా చేతికివ్వాలి, మిగతాది ఐదేళ్ల చివర. ఖాతాలో పడిన డబ్బు పడ్డట్టే, ఒప్పందం తెగినా పోకూడదు. దరఖాస్తు, ఇంటర్వ్యూ లేకుండా వోచరున్న ప్రతి కుటుంబానికీ ఖాతా తెరవాలి, వద్దనుకున్నవాళ్లు బయటికి రావొచ్చు. కేంబ్రిడ్జ్ హౌసింగ్ అథారిటీ, కంపాస్ కలిసి కొన్ని ప్రభుత్వ ఇళ్లలో ఇలా తమంతట తామే ఖాతాలు తెరిచి చూశాయి కూడా. ఖర్చు పెరుగుతుందా? పెరుగుతుంది. "కష్టపడితే పైకొస్తావు" అని రోజూ చెప్పే దేశం ఆ మాటకు డాలరుకు 17 సెంట్లకన్నా (500లో మిగిలిన ఆ 87 అంతే) ఎక్కువ కూలి ఇవ్వాలి.

చెక్కు వచ్చే రోజుకు కూడా కాస్త ముందునుంచే సిద్ధపడాలి. ఎస్క్రో మొత్తం మీద ఆదాయపు పన్ను లేదు. కానీ ఇంట్లో ఎస్‌ఎస్‌ఐ తీసుకునే వ్యక్తి ఉంటే, ఒంటరి మనిషికి లెక్కలోకొచ్చే ఆస్తి 2,000 డాలర్లు దాటితే ఆ సాయం ఆగుతుంది. ఎస్‌ఎస్‌ఐ ఆ వ్యక్తికే ఉండి చెక్కు కూడా వారి పేరునే వస్తే చిక్కు రావొచ్చు. వైకల్యం చిన్నప్పుడో యవ్వనంలోనో మొదలైనవాళ్లు వికలాంగుల పొదుపు కోసం ఉన్న ఏబుల్ ఖాతాలో పెట్టుకోవచ్చు. దాని వయసు పరిమితి 2026 జనవరి నుంచి 26 నుంచి 46కు పెరిగింది. పాత బ్యాంకులో ఓవర్‌డ్రాఫ్టు కట్టకుండా వదిలేసినవాళ్ల పేరు బ్యాంకులు చూసుకునే చెక్స్‌సిస్టమ్స్ జాబితాలో ఐదేళ్లు ఉంటుంది. కొత్త ఖాతా తెరవబోతే బ్యాంకు వద్దంటుంది. అది చెక్కు వచ్చిన రోజు తెలిస్తే, చెక్కు మార్చే దుకాణానికి కమిషన్ కట్టాలి. నాలుగో ఏడాదే ఆ బాకీ తీర్చి తక్కువ ఫీజుల ఖాతాలకిచ్చే బ్యాంక్ ఆన్ గుర్తింపున్న ఖాతా తెరవడం మేలు. అప్పుల్లో ముందు ఏది కట్టాలన్నదీ తొందరపడి తేల్చే విషయం కాదు. 500 డాలర్లలోపు ఆసుపత్రి బాకీలను మూడు బ్యూరోలూ రిపోర్టుల్లోంచి తీసేశాయి. కట్టని పాత బాకీ ఏడేళ్లకు దానంతటదే రిపోర్టు నుంచి పోతుంది. చాలా రాష్ట్రాల్లో అలాంటి పాత అప్పుకు 20 డాలర్లు కట్టినా కోర్టుకెళ్లే గడువు మళ్లీ మొదటినుంచి లెక్కకొస్తుంది. వసూలువాళ్లు ఫోన్‌లో "ఎంతో కొంత కట్టండి" అని బతిమాలేది అందుకే.

ఇల్లు కొనడానికి అదే వోచరును నెలవాయిదాకు వాడుకునే పద్ధతి కొన్ని అథారిటీల్లో ఉంది. వికలాంగ, వృద్ధ కుటుంబాలు కాకపోతే ఏడాదిపాటు వారానికి 30 గంటల పని చేసి ఉండాలి. కనీస ఆదాయం ఫెడరల్ కనీస కూలి 7.25 డాలర్లను 2,000 గంటలతో గుణించినంత, అంటే ఏడాదికి 14,500. లోను 20 ఏళ్లు లేదా ఎక్కువైతే సాయం 15 ఏళ్ల దాకా, తక్కువైతే 10 ఏళ్లు. ఎస్క్రో డబ్బంతా డౌన్ పేమెంటులో పోసేసి, మొదటి చలికాలంలో ఇల్లు వేడిచేసే ఫర్నేసు పోతే దానికి చేతిలో ఏమీ లేకుండా ఉండటం ఇక్కడ మామూలు పొరపాటు.

2026 ఆర్థిక సంవత్సరానికి అధ్యక్షుడి బడ్జెట్ ప్రతిపాదన రెండు సంగతులు కలిపి చెప్పింది: ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు అద్దె సాయం రెండేళ్లకే పరిమితం చేయాలి, ఎఫ్‌ఎస్‌ఎస్ లాంటి కార్యక్రమాలకు నిధులు ఆపాలి. స్వావలంబన పేరు మీదే. పైన లెక్క వేసిన తల్లికి రెండో ఏడాది చివర నెల జీతం 1,600 డాలర్లు, ఖాతాలో 2,160. ఆ రోజు వోచరు తీసేస్తే, అద్దె నెలకు 1,500 ఉన్న ఊళ్లో ఆ ఖాతా డబ్బు చేతికిచ్చినా ఆమెకు నెలన్నర కూడా రాదు. నర్సింగ్ అసిస్టెంటుగా 2,400 సంపాదించే నాలుగో ఏడాది ఇంకా ఏడాది దూరంలో ఉంటుంది.